డ్రాగన్ బొమ్మకు రంగు, చుట్టూ గండికోట లోయ: ముందు జాగ్రత్తలు

☐ రెజిన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బొమ్మను గోరువెచ్చని సబ్బు నీళ్లలో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. జిడ్డుంటే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పట్టదు.

☐ అంచులు రుద్దేటప్పుడు ఉప్పుకాగితం తడిపి వాడండి, మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

☐ స్ప్రే ప్రైమర్: కడప ఎండ సంగతి తెలిసిందే కదా! మే నెల మధ్యాహ్నం మిద్దె మీద కొడితే రంగు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. పొద్దున్నే, గాలి లేనప్పుడు, 20–30 సెం.మీ. దూరం నుంచి పలుచగా రెండు పూతలు వేయండి. డబ్బాను ఎండలో వదిలితే పేలిపోవచ్చు.

☐ అక్రిలిక్ రంగులు ఫ్యాను కింద ఇట్టే గట్టిపడతాయి. టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దానిపై బటర్ పేపర్ పరిచి, ఆ పేపర్ మీదే రంగులు కలపండి.

☐ లోయ గోడలకు కడప రాయి ముక్కలు ఊరికే దొరుకుతాయి. కానీ అవి నలుపు, పైగా బరువు; గండికోట బండలేమో ఎరుపు. నా ఓటు థర్మకోల్‌కే. దాని మీద నేరుగా స్ప్రే కొడితే మాత్రం కరిగిపోతుంది, ముందు ఫెవికాల్ పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి.

☐ లోయలో పెన్నా నీళ్ల కోసం ఎపాక్సీ (పోశాక గట్టిపడే పారదర్శక ద్రవం) వాడితే గ్లవ్స్ వేసుకొని, కిటికీలు తెరిచి, పలుచని పొరలుగా పోయండి. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది.

☐ బొమ్మను చివర్లోనే అతికించండి.