‘ఓ యు జి హెచ్’ పదాలు పిల్లలకు ఎలా నేర్పాలి?

ఇంగ్లిషులో ఓ, యు, జి, హెచ్ (ough) వరుసగా వచ్చే పదాలను అక్షర క్రమంలో జాబితా రాయించి బట్టీ పట్టించడం ఇకనైనా మానండి. అలా నేర్చిన పిల్లలు అరుదుగా వాడే పాత పదం ఎదురవగానే నోటికి వచ్చినట్టు చదువుతారు.

కావలసినవి: ఒక రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, ఉచ్చారణతో పాటు పదం పుట్టుక కూడా ఇచ్చే పెద్ద నిఘంటువు. పెన్ను వద్దు. పిల్లలు అమెరికాలో పదాల స్పెల్లింగు చెప్పే పోటీ స్క్రిప్స్ స్పెల్లింగ్ బీకి సిద్ధమవుతుంటే మెరియమ్-వెబ్‌స్టర్ అన్‌అబ్రిడ్జ్‌డ్ నిఘంటువు తీసుకోండి, ఆ పోటీకి అదే ప్రమాణం.

ముందు తెలిసిన పదాలతో ఒక్కో ధ్వనికి ఒక్కో పేజీ పెట్టండి: టఫ్ (tough), కాఫ్ (cough), దో (though), త్రూ (through), బౌ (bough). ఆ తర్వాత పాత పదాలను వాటి కింద చేర్చండి. ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు ఉండే కాకిజాతి పక్షి చఫ్, ఉత్తర ఇంగ్లండ్‌లో నిటారైన లోయకు చెప్పే క్లఫ్ రెండూ టఫ్ పేజీలోకి వెళ్తాయి. పశువులకు నీళ్లు పోసే తొట్టి ట్రాఫ్, కాఫ్ పక్కన చేరుతుంది. ఐర్లండ్‌లో సరస్సును లాక్ (lough) అంటారు, పశువు వెనక కాలి కీలు హాక్ (hough). ఈ రెండింటికీ వేరే పేజీ కావాలి. ఉచ్చారణను తెలుగు లిపిలోనే రాయించండి. ఇంగ్లిషు అక్షరాలతో ఉచ్చారణ రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఎస్, ఎల్ తర్వాత ఈ నాలుగు అక్షరాలు చేర్చి చూడండి. బురదగుంట అనే అర్థంలో బ్రిటన్‌లో స్లౌ, అమెరికాలో ఎక్కువగా స్లూ. పాము విడిచిన కుబుసం అయితే స్లఫ్. లండన్‌కు పడమరనున్న ఊరు స్లౌ. అక్షరాలు ఒకటే అయినా బురదగుంటకూ కుబుసానికీ సంబంధం లేదు. అందుకే పదానికి ఒక వరుస అని కాకుండా అర్థానికి ఒక వరుస పెట్టండి. ప్రతి వరుసలో ఉచ్చారణ, అర్థం, ఒక వాక్యం మూడూ ఉండాలి. వాక్యం లేని వరుసను చెరిపేయండి, పెన్సిలు అడిగింది ఇందుకే.

ఇక్కడే చాలామంది ప్రాసను నమ్మి చెడిపోతారు. ఒకటి టఫ్ కాబట్టి పక్కదీ అంతే అనుకుంటారు. అసలు ఆ జి, హెచ్ ఒకప్పుడు గొంతు లోతు నుంచి వచ్చే ఒక ధ్వనికి గుర్తు. స్కాట్లండ్‌లో సరస్సును పిలిచే మాటలో అది ఇంకా వినిపిస్తుంది. ప్రామాణిక ఇంగ్లిషులో మాత్రం ఆ ధ్వని కొన్ని మాటల్లో పూర్తిగా మాయమైంది, కొన్నింట్లో ‘ఫ’గా మారింది. ఏ మాటలో ఏమైందో చూసి చెప్పే సూత్రమేదీ లేదు. ఈ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పండి, సూత్రం కోసం వెతకడం మానేస్తారు. నవ్వించే ప్రాస పద్యాలతో నేర్పడం కన్నా ఇది ఎంతో మేలు, ఎందుకంటే పద్యంలో లేని పదం వచ్చినప్పుడు ఆ పద్యం ఏమీ చెప్పలేదు.

ఎక్కిళ్ల మాటను విడిగా రాయండి. పలకడం హికప్. దగ్గు అనే అర్థమున్న కాఫ్‌తో చుట్టరికం ఉందని పొరబడి 17వ శతాబ్దంలో దానికీ ఈ నాలుగక్షరాల తోక తగిలించారు. పాత రూపం పి అక్షరంతో ముగిసేదే.

డిక్టేషన్‌లో పదం ఒక్కటే చెప్పకండి, వాక్యంతో సహా చెప్పండి. తప్పిన పదాన్ని పదిసార్లు రాయించడం దండగ. ఆ పదం వరుసను నిఘంటువు చూసి మళ్లీ కొత్తగా, కొత్త వాక్యంతో రాయించండి.