ముందు ఫోటో, తర్వాతే ఫ్రేమ్: మొదటిసారి ఎగ్జిబిషన్‌కు బొమ్మ పంపేవాళ్లకు

ఎగ్జిబిషన్‌కు బొమ్మ పంపాలనుకుంటే మొట్టమొదట నా దగ్గరికి మాత్రం రాకండి. ఫ్రేములు కట్టి బతికేదాన్ని నేనే ఈ మాట అంటే మా ఆయన నెత్తి కొట్టుకుంటాడు. కానీ హైదరాబాద్ నారాయణగూడలో మా నాన్న పెట్టిన షాపు నా చేతికి వచ్చినప్పటి నుంచి ఇదే తంతు. రేపు లాస్ట్ డేట్ అనగా ఇవాళ రాత్రి షట్టర్ దించే టైముకు ఎవరో ఒక పిల్లో పిల్లాడో కాన్వాసు చుట్ట చంకలో పెట్టుకుని వస్తారు. "ఆంటీ, మంచి గోల్డ్ బీడింగ్ వేయండి, అవార్డుకు పంపుతున్నా" అంటారు. ఫోటో తీశావా అంటే లేదు. ఎంత సైజు వరకు తీసుకుంటారంటే తెలీదు. పోయినేడు ఆ ఎగ్జిబిషన్ చూశావా అంటే ఒక నవ్వు.

పటం కట్టించడం ఆఖరి పని. దాని ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

గోడలు చూసి రండి

మాదాపూర్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. చిత్రమయి అని కూడా అంటారు. 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరిగేది కూడా అక్కడే. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి గ్యాలరీలు ఉన్నాయి. మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, అదే మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, అక్కడ పిల్లల వర్క్ పెట్టినప్పుడు తప్పకుండా చూడండి. మీతో పోటీ పడేది వాళ్లే. జీవీకే వన్ ఎదురు సందులో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. అక్కడ గోడ మీది బొమ్మలు చూసి, సమోసా తిని, చాయ్ తాగి, పక్క టేబుల్ వాళ్లతో వాదన కూడా పెట్టుకుని రావచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం చూసి వెనక్కి వచ్చేస్తారు చాలామంది. ఆధునిక భారతీయ చిత్రాల గది కూడా ఉంది, అది వదలొద్దు. శుక్రవారం సెలవు.

ప్రైవేటు గ్యాలరీ అద్దం తలుపు చూసి వెనక్కి తగ్గే అలవాటు మనలో చాలామందికి ఉంది. కొనేవాళ్లకే ప్రవేశం అనుకుంటారు. అదేం లేదు, తలుపు తోసి వెళ్లిపోవడమే. ఎవరైనా పలకరిస్తే "చూడ్డానికి వచ్చానండీ" అంటే చాలు. ధరల కాగితం అడిగి చూడండి, అందులో తప్పేమీ లేదు. లేబుల్ పక్కన ఎర్ర చుక్క అంటించి ఉంటే ఆ బొమ్మ అమ్ముడుపోయినట్టు.

బొమ్మలే కాదు, వాటిని ఎలా తగిలించారో కూడా గమనించండి. బొమ్మ నడిమధ్య భాగం నేల నుంచి ఇంచుమించు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటుంది, అంటే నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా. ఇళ్లలో మనం దేవుడి పటాల్లా పైకప్పు దగ్గర తగిలిస్తాం. లేబుల్ మీద ఏం రాశారు, ఏ వరసలో రాశారు, కాన్వాసు అంచులకు రంగు ఉందా, అసలు ఎన్నింటికి ఫ్రేమ్ ఉంది, ఇవన్నీ చూడండి. ఆధునిక చిత్రాల్లో సగానికి సగం ఫ్రేమ్ లేకుండానే కనిపిస్తాయి. నా వ్యాపారానికి దెబ్బే, ఏం చేస్తాం.

ఓపెనింగ్ సాయంత్రాలకు వెళ్లండి. కానీ అక్కడ గ్యాలరీ యజమాని ముందు ఫోను తీసి మీ బొమ్మలు చూపించకండి. ఆరోజు ఆవిడ ఇంట్లో పెళ్లి లాంటిది. మెయిల్ ఐడీ తీసుకుని వారం తర్వాత రాయండి.

ఎక్కడికి పంపాలి

కొత్తవాళ్లకు సృష్టి వాళ్ల 'ఎమర్జింగ్ పాలెట్స్' ఎగ్జిబిషన్ మంచి మెట్టు. పేరులోనే ఉంది, ఎదుగుతున్న వాళ్ల కోసమే అది. కళాకృతి వెనక ఉన్న కృష్ణాకృతి ఫౌండేషన్ ఆర్ట్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, ఏటా ఉత్సవం కూడా చేస్తుంది. హైదరాబాద్ ఆర్ట్ సొసైటీ 1941 నాటిది, మన పెద్ద చిత్రకారుల బయోడేటాల్లో ఆ పేరు తగులుతూనే ఉంటుంది. జాతీయ స్థాయిలో లలిత కళా అకాడమీ ఉంది. 1954లో ఢిల్లీలో పెట్టారు, దక్షిణాదికి చెన్నైలో ప్రాంతీయ కేంద్రం. వాళ్ల నేషనల్ ఎగ్జిబిషన్‌లో అవార్డు రాకపోయినా, బొమ్మ సెలెక్ట్ అయిందంటేనే బయోడేటాలో ఒక లైను.

అవార్డుల హడావుడిలో పడి చాలామంది మరిచిపోయేది కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే డబ్బు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు యువ కళాకారుల స్కాలర్‌షిప్ నెలకు 5,000 రూపాయలు. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, నలభై దాటినవాళ్లకు సీనియర్ ఫెలోషిప్ 20,000. అన్నీ రెండేళ్ల పాటు. డాన్సు, సంగీతం వాళ్లే వీటికి ఎగబడతారు. బొమ్మలు వేసేవాళ్లకూ ఉన్నాయి.

ఇక డబ్బులు కట్టించుకుని అవార్డు ఇచ్చేవాళ్ల సంగతి. మా కస్టమర్ ఒకమ్మాయి "అంతర్జాతీయ కళారత్న" లాంటి పేరేదో ఉన్న షీల్డు పట్టుకొచ్చింది, ఫోటోకు ఫ్రేమ్ కట్టమని. ఎంట్రీ ఫీజు, షీల్డుకు వేరే, శాలువాకు వేరే, స్టేజీ ఫోటోకు వేరే. మొత్తం లెక్కేస్తే ఏడాదికి సరిపడా రంగులు వచ్చేవి. మామూలు ఎంట్రీ ఫీజు ఉండటం తప్పు కాదు, చాలా మంచి పోటీలకూ ఉంటుంది. మీరు చూడాల్సింది వేరే: జ్యూరీలో ఎవరున్నారో పేర్లు ముందే చెప్పారా, పోయినేడు సెలెక్ట్ అయిన బొమ్మలు ఎక్కడైనా చూపిస్తున్నారా, పంపినవాళ్లందరికీ ఏదో ఒక బహుమతి వస్తోందా. అందరికీ వస్తుంటే అది పోటీ కాదు, దుకాణం.

ఇంకొక్క మాట, కాస్త కటువుగా ఉన్నా చెప్పాలి. పెద్ద బొట్టు, నిండు పసుపు, ఎర్ర చీర తెలంగాణ ఆడవాళ్లు తోట వైకుంఠం గారి బొమ్మలు. వాటికి నకళ్లు నా షాపుకే లెక్కలేనన్ని వస్తాయి, ఇక జ్యూరీకి ఎన్ని వెళ్తాయో ఊహించుకోండి. ఆయన తెలంగాణ ఊళ్ల వాళ్లను చూసి వేశారు. మీరు ఉప్పల్ రింగు రోడ్డులో బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లను చూసి వేయండి.

ఫోటో, ఫారం

జ్యూరీ ముందుకు మొదట వెళ్లేది బొమ్మ కాదు, దాని ఫోటో. బొమ్మకు రెండు నెలలు పట్టిందంటారు, ఫోటో మాత్రం ట్యూబులైటు కింద మంచం మీద పెట్టి తీస్తారు, మూలన దుప్పటి కూడా కనిపిస్తుంటుంది.

పొద్దున తొమ్మిది, పది మధ్య మేడ మీదికి తీసుకెళ్లండి. ఎండలో కాదు, నీడలో పెట్టాలి. గోడకు ఆనిస్తే బొమ్మ కొంచెం వెనక్కి వాలుతుంది, ఫోనును కూడా అంతే వాల్చాలి. లేకపోతే కింద వెడల్పు, పైన సన్నం వచ్చి బొమ్మ దోసె పెనం మీది అట్టులా వంకరపోతుంది. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్లు వద్దు. దగ్గరికి వెళ్లి వైడ్‌లో తీయకుండా, నాలుగడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేసి తీయండి. అద్దం వేశాక తీస్తే మీ మొహమే పడుతుంది, కాబట్టి ఫ్రేమ్‌కు ముందే తీసేయాలి. తర్వాత అంచుల దాకా కత్తిరించండి. వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోను అప్‌లోడ్ చేయొద్దు, సైజు తగ్గిపోయి గీతలన్నీ అలికినట్టు ఉంటాయి.

ఫారంలో కొలతలు సెంటీమీటర్లలో అడుగుతారు, మనమేమో అంగుళాల్లో కొంటాం. అంగుళానికి 2.54 వేసుకోండి. 24 బై 36 కాన్వాసును నిలువుగా వాడితే ఎత్తు 91.4, వెడల్పు 61. ఎత్తు ముందు రాయాలి. తారుమారు రాస్తే నిలువు బొమ్మకు అడ్డం గోడ కేటాయిస్తారు.

బొమ్మ గురించి నాలుగు మాటలు రాయమంటారు. "ప్రకృతికి, మానవ మనుగడకు మధ్య గల అవినాభావ సంబంధాన్ని ఆవిష్కరించాను" అని రాసుకొచ్చాడు ఒకబ్బాయి. బొమ్మలో ఏముంది బాబూ అంటే, "మా ఇంటి వెనక చెరువు ఆంటీ, సగం పూడ్చేశారు, మిగతా సగంలో గుర్రపు డెక్క" అన్నాడు. అదే రాయమన్నా.

ఇప్పుడు నా దగ్గరికి రండి

కాన్వాసు మీద అక్రిలిక్ అయితే చెక్క చట్రానికి బిగువుగా లాగించి, పక్క అంచులకు శుభ్రంగా రంగు వేసేస్తే చాలు. మరీ కావాలంటే సన్నటి నల్ల చెక్క, లేదా రంగు వేయని టేకు. మెరిసే గోల్డ్ బీడింగ్ పెళ్లి ఫోటోకు అందం. ఎగ్జిబిషన్ గోడ మీద అది బొమ్మ కంటే గట్టిగా అరుస్తుంది.

కాగితం మీద పనికి మాత్రం ఖర్చు పెట్టండి. వాటర్ కలర్, పెన్ డ్రాయింగు, ఎచింగు (లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మ) ఏదైనా అద్దం కాగితానికి తగలకూడదు. మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ కత్తిరించి పెట్టే అట్ట, ఉండేది అందం కోసమే కాదు. మన వానాకాలంలో అద్దం లోపల చెమ్మ పడుతుంది, కాగితం దానికి అంటుకుంటే ఇక ఊడదు, తర్వాత గోధుమరంగు చుక్కలు లేస్తాయి. మౌంటు యాసిడ్ లేనిది అడగండి. మామూలు మౌంటు కట్ చేసిన చోట తెల్లగా ఉన్న అంచు కొన్నేళ్లకు పచ్చబడుతుంది, ఆ పసుపు మీ బొమ్మ కాగితానికీ పాకుతుంది. సెల్లోటేపు అసలు వద్దు. సన్నటి కాగితపు ముక్కలు రెండు, గోధుమపిండి జిగురుతో పై అంచుకు మాత్రమే అంటిస్తాను. కాగితం కిందికి వేలాడుతుండాలి, వానకు ఉబ్బినా ఎండకు ముడుచుకున్నా దాని చోటు దానికి ఉంటుంది. నాలుగు వైపులా అంటిస్తే అలలు పడుతుంది.

మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు ఎక్కడైనా కనిపిస్తే ఆ మౌంటు వెడల్పు చూడండి. అరచేతిలో పట్టే బొమ్మ చుట్టూ అంత ఖాళీ వదిలితే కన్ను ఇంకెక్కడికీ పోదు.

వెనక వైపు రెండు డి రింగులు, పై నుంచి మూడో వంతు దిగువన. వాటి మధ్య వైరు. దారం, గుడ్డపేలిక కట్టి పంపకండి. వెనకాల పేరు, బొమ్మ పేరు, ఫోను నంబరు, పైకి బాణం గుర్తు రాయండి. అబ్‌స్ట్రాక్ట్ అయితే ఆ బాణం లేకపోతే తలకిందులే, తర్వాత కోప్పడి లాభం లేదు.

అక్రిలిక్ రంగు ఎండినట్టే ఉంటుంది గానీ వేడికి ప్లాస్టిక్‌ను పట్టేసుకుంటుంది. నేరుగా బబుల్ ర్యాప్ చుట్టి ఏప్రిల్ ఎండలో ఆటోలో పంపితే బొమ్మ మీద బుడగల అచ్చు పడుతుంది. ముందు బటర్ పేపర్, ఆ పైన బబుల్ ర్యాప్, బుడగలు బయటికి. మూలలకు అట్టపెట్టె ముక్కలు. ట్రాలీ ఆటో మాట్లాడుకునే ముందు మీ అపార్టుమెంటు లిఫ్టులో బొమ్మ పడుతుందో లేదో కొలుచుకోండి.

ధర

చదరపు అంగుళానికి ఇంత అని ఒక లెక్క పెట్టుకుంటే పెద్దదానికి, చిన్నదానికి పొంతన ఉంటుంది. గ్యాలరీలు మామూలుగా మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయి. అది పోను మీకెంత మిగులుతుందో ముందే చూసుకోండి. గ్యాలరీలో 40,000 పెట్టి, ఇన్‌స్టాలో అడిగినవాళ్లకు 15,000కు ఇచ్చేస్తే మాత్రం ఆ గ్యాలరీ మళ్లీ మీ ఫోను ఎత్తదు.

కాలనీలో చేయాలనుకుంటే

పోటీలు అందరికీ కాదు. ఖైరతాబాద్ దగ్గర ఎంఎస్ మక్తా బస్తీకి వెళ్లి చూడండి. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు దేశ విదేశాల చిత్రకారులను తెచ్చి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించారు. గోడ మీది రంగు వెలుస్తుంది, అది దాని లక్షణం. మీ వీధిలో వేయాలంటే గోడ యజమాని ఒప్పుకోలు నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోండి, ప్రభుత్వ గోడ అయితే ఆ శాఖ అనుమతి కావాలి. వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక, దసరా తర్వాత మొదలుపెట్టండి. పాత సున్నం గీకి, ప్రైమర్ కొట్టి, బయటి గోడలకు వాడే ఎమల్షన్ మాత్రమే వాడాలి. పిల్లల పోస్టరు రంగులు మొదటి జల్లుకే కాలువలోకి పోతాయి.

పిల్లలకైతే బట్ట మీద కథలను బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీ వాళ్లను పిలిపించండి. చింతగింజల జిగురు, సుద్ద కలిపి బట్టకు పూయడం, ఎర్రటి నేపథ్యం, కథ పై నుంచి కిందికి గళ్లు గళ్లుగా నడవడం, ఇవి ఒక్క పూటలో చేత్తో చేసి చూపిస్తారు. ఆ ఊరి పేరు మీదే జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన కళ అది. వాళ్లకు దారి ఖర్చులతో సరిపెట్టకండి, రోజు కూలీ లెక్క కట్టి, రంగుల ఖర్చు వేరుగా ఇవ్వండి.

ఆఖరుగా, ఎగ్జిబిషన్ అయ్యాక బొమ్మ తెచ్చుకునే తేదీ ఫారంలోనే ఉంటుంది, ఫోనులో అలారం పెట్టుకోండి. ఇచ్చినప్పుడు రసీదు, ఇచ్చేటప్పటి ఫోటో దగ్గర పెట్టుకుని, తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే ప్యాకింగ్ విప్పి మూలలు, అద్దం చూసుకోవాలి. ఇంటికొచ్చి విప్పాక "ఇది ముందే పగిలి ఉంది" అంటే వాళ్లూ వినరు, నేనూ ఫ్రీగా మార్చను.