ముందు రేంజ్ చూడండి, రంగుల సంగతి తర్వాత

మైపాడులో మా మామకి సముద్రం ఉష్ణోగ్రత మ్యాప్ ఫోన్‌లో చూపించా. నాసా ఉపగ్రహాల మీదుండే మోడిస్ పరికరం డేటానే, సీడాస్‌లో (అలాంటి డేటాని మ్యాపుగా చూపించే నాసా సాఫ్ట్‌వేర్) తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ చేశా. "ఏందబ్బయా, సముద్రానికి పసుపు పూసినట్టుండాదే, తేడా యాడుండాది?" అన్నాడు.

నిజమే. ప్రపంచంలోని సముద్రాలన్నీ పట్టాలి కాబట్టి ఆ ఫైల్లో స్కేలు మైనస్ 2 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. మన తీరంలో నీళ్లేమో దాదాపుగా 26, 31 మధ్యే తిరుగుతాయి. 47 డిగ్రీలకు పరిచిన రంగుల్లో మనకు దక్కేది 5 డిగ్రీల ముక్క, ఇంక తేడా ఎక్కడ కనపడుద్ది?

కాబట్టి సీడాస్‌లోని కలర్ మానిప్యులేషన్ విండోలో ముందు మినిమమ్ 25, మాక్సిమమ్ 32 కొట్టండి. ఒక్కరోజు మ్యాపే అయితే కింద హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిచోట్ల ఉందో చూపే గ్రాఫ్) చూసి ఇంకా బిగించొచ్చు. మబ్బుల అంచుల దగ్గర పిచ్చి విలువలు వస్తుంటాయి, వాటి కోసం స్కేలు సాగదీయొద్దు, రెండు చివర్లా 2 శాతం వదిలేయండి. అయితే జనవరినీ మేనీ పక్కపక్కన పెట్టేటప్పుడు మాత్రం రెండింటికీ ఒకే రేంజ్ ఉండాలి, లేదంటే మీరు పోల్చేది సముద్రాన్ని కాదు, స్కేళ్లని.

క్లోరోఫిల్ (నీళ్లలోని సన్నటి నాచులో ఉండే పచ్చదనం) మ్యాపుల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నడిసముద్రంలో ఘనపు మీటరుకు 0.1, 0.2 మిల్లీగ్రాములుంటే ఒడ్డు దగ్గర 2, 5 కూడా ఉంటుంది, మామూలు స్కేల్లో వేస్తే ఒడ్డున సన్నటి గీత తప్ప మిగతాదంతా ఒకే నీలం. లాగ్ స్కేల్ (ప్రతి పది రెట్లకీ రంగుల్లో సమానంగా చోటిచ్చే స్కేలు) ఆన్ చేసి 0.05 నుంచి 5 దాకా ఇవ్వండి. సున్నా ఇవ్వకండి, సున్నాకి లాగ్ లేదు. ఇంకో సంగతి, వరదలప్పుడు పెన్నా కలిసే చోట కనిపించే ఎక్కువ క్లోరోఫిల్‌ని నమ్మి సంబరపడొద్దు, బురదనీళ్లు లెక్కని పెంచేస్తాయి. ఏ ప్యాలెట్టూ, అంటే ఏ రంగుల వరసా, దాన్ని బాగుచేయలేదు.

ఇక రంగులు. ఇంద్రధనస్సు ప్యాలెట్ చూడ్డానికి బాగుంటుంది కానీ పసుపు వచ్చిన చోటల్లా డేటాలో లేని గట్టు ఒకటి ఉన్నట్టు చూపిస్తుంది. పైథాన్‌లో కోడ్ రాసి మ్యాపులు వేసేవాళ్లు సముద్రం డేటా కోసం చేసిన ప్యాలెట్లుండే సీఎంఓషన్ ప్యాకేజీ వేసుకోండి, అందులో ఉష్ణోగ్రతకి థర్మల్ అనే ప్యాలెట్, క్లోరోఫిల్‌కి ఆల్గీ. సగటు కంటే ఎంత ఎక్కువ తక్కువ అని చూపించాలంటే రెండువైపులా విడిపోయే ప్యాలెట్ తీసుకుని మైనస్ 3 నుంచి 3 అని సమానంగా ఇవ్వండి, సున్నా సరిగ్గా నడిమధ్యకి రావాలి. మబ్బు పట్టి డేటా లేని చోటుకి బూడిద రంగు వేయండి, నలుపు వేస్తే చల్లటి నీళ్లనుకుంటారు.

ఇవన్నీ మార్చి మళ్లీ చూపిస్తే మామ వేడినీళ్లూ చల్లనీళ్లూ కలిసే గీత మీద వేలు పెట్టి, "ఇది మన రేవుకి ఎంత దూరం?" అన్నాడు. దూరం చెప్పే స్కేల్ బార్ పెట్టడం మర్చిపోయా.