తొలగింపు వివాదంలో తీర్పు వచ్చాక: అప్పీలు, అమలు

ఉద్యోగం నుంచి తొలగించిన వివాదంలో తీర్పు చేతికి అందగానే, గెలిచినవారైనా ఓడినవారైనా మొదట చూడవలసింది తేదీ. అప్పీలు గడువు బ్రిటన్‌లో 42 రోజులు, న్యూజీలాండ్‌లో 28, ఆస్ట్రేలియాలో 21. న్యాయవాదిని వెతుక్కునేలోపే ఇది కరిగిపోతుంది కాబట్టి తీర్పు ప్రతితోపాటు, అది ఏ రోజు వచ్చిందో చూపే కవరును లేదా ఈమెయిల్‌ను కూడా భద్రపరచుకోవాలి. భారతదేశంలో పారిశ్రామిక వివాదాల అవార్డుపై, అంటే లేబర్ కోర్టు లేదా ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పుపై, మామూలు అప్పీలు ఉండదు. రాజ్యాంగంలోని 226, 227 అధికరణల కింద హైకోర్టును ఆశ్రయించాలి.

అప్పీలంటే కేసును మళ్లీ మొదటి నుంచి విచారించడమని చాలామంది అనుకుంటారు. న్యూజీలాండ్‌లో అలా కోరే వీలుంది గానీ, బ్రిటన్‌లో అప్పీలు చట్టపరమైన పొరపాటుపైనే నడుస్తుంది. "మేనేజరు మాట నమ్మారు, నా మాట నమ్మలేదు" అన్న ఫిర్యాదు అక్కడ సాధారణంగా నిలవదు. తీర్పులో అసలు కారణాలే ఇవ్వకపోయినా, వర్తించని నిబంధనను వర్తింపజేసినా నిలుస్తుంది. కోపంతో రాసిన ఇరవై అభ్యంతరాల కన్నా, తీర్పులోని పేరా సంఖ్యతో సహా చూపిన రెండు లోపాలకే బలం ఎక్కువ.

అప్పీలు దాఖలైనంత మాత్రాన చాలా చోట్ల తీర్పు అమలు ఆగదు. స్టే కావాలంటే ఓడిన పక్షం విడిగా అడగాలి. "పై కోర్టుకు వెళ్లాం, అది తేలాక చూద్దాం" అని యాజమాన్యం చెబితే, స్టే ఉత్తర్వు ప్రతి చూపమని రాతపూర్వకంగా అడగండి. భారతదేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న అవార్డును యాజమాన్యం హైకోర్టులో సవాలు చేసిన సందర్భాలకు, 17బి సెక్షన్ ప్రత్యేకమైన రక్షణ ఇచ్చింది: తాను మరే సంస్థలోనూ పనిచేయడం లేదని ఉద్యోగి అఫిడవిట్ ఇస్తే, కేసు తేలేవరకు చివరగా అందుకున్న పూర్తి వేతనం చెల్లించాలి.

అమలు కోరేముందు ఉత్తర్వులో ఎవరు, ఎంత, ఎప్పటిలోగా చెల్లించాలో స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. "బకాయి వేతనం చెల్లించాలి" అని మాత్రమే ఉంటే ముందు ఆ మొత్తాన్ని లెక్క కట్టించుకోవాలి, లేకపోతే వసూలు అధికారి దగ్గర పని కదలదు. ఆపైన గడువు పెట్టి లేఖ పంపి, స్పందన లేకుంటే వసూలుకు దరఖాస్తు చేయాలి. సంస్థ మూతపడే సూచనలుంటే మాత్రం ఈ మర్యాదలకు ఆగకుండా, ఆస్తులు చేతులు మారకముందే దరఖాస్తు వేయడం మంచిది.