మై సెట్టర్‌లింగ్ గురించి విశాఖలో ఒక సాయంత్రం: ప్రసంగాన్ని సిద్ధం చేసుకునే విధానం

స్వీడన్‌లో నటిగా పేరు తెచ్చుకుని, ఆ తరువాత కెమెరా వెనక్కి వెళ్లి దర్శకురాలైన మై సెట్టర్‌లింగ్ గురించి, సినిమా మీద ఆసక్తి ఉన్న ముప్ఫై నలభై మంది ముందు గంటన్నర మాట్లాడదలచినవారికి ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను. విశాఖపట్నంలో నేను ఈ ప్రసంగం రెండుసార్లు చేశాను. మొదటిసారి పుట్టిన తేదీ మొదలుకొని మరణం దాకా నలభై నిమిషాలు ఏకబిగిన చదివాను. అయిపోయాక ముందు వరుసలో కూర్చున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, "అంతా బాగానే ఉందండీ, ఇంతకీ ఆవిడ సినిమా చూస్తే ఏం కనిపిస్తుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రెండోసారి ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాను. కింద చెప్పేదంతా ఆ రెండోసారి పద్ధతి.

ముందుగా పేర్లు సరిచేసుకోవాలి. స్వీడిష్‌లో 'జెడ్' అక్షరాన్ని 'స' గానే పలుకుతారు కనుక జెట్టర్‌లింగ్ అనకుండా సెట్టర్‌లింగ్ అనడమే మేలు. ఆమె పుట్టిన ఊరు వెస్టెరోస్. సినిమా పేర్లను అర్థంతో సహా చెప్పండి: 'నాట్‌లేక్' అంటే రాత్రి ఆట, 'ఫ్లికోర్నా' అంటే అమ్మాయిలు. ఇంటికి వెళ్లి వెతుక్కునేవారికి ఇంగ్లీషు పేర్లే అక్కరకొస్తాయి కాబట్టి 'నైట్ గేమ్స్', 'ద గర్ల్స్' అని బోర్డు మీద రాసి ఉంచండి.

తరువాత నటనా జీవితాన్ని ఒకే కాగితం మీదికి కుదించుకోండి. దానికి ఏడు నిమిషాలకు మించి కేటాయించవద్దు. 1925 మే 24న పుట్టుక, స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్ పాఠశాలలో శిక్షణ, 1941లో తొలి సినిమా, 1944లో ఆల్ఫ్ షోబెర్గ్ దర్శకత్వంలో 'హెట్స్', 1947లో బ్రిటన్ నిర్మించిన 'ఫ్రీడా', 1954లో డానీ కే సరసన 'నాక్ ఆన్ వుడ్', 1962లో పీటర్ సెల్లర్స్ సరసన 'ఓన్లీ టూ కెన్ ప్లే' — ఇంతే చాలు. 'హెట్స్' కథను రాసినవాడు, తరువాత ప్రపంచ ప్రసిద్ధ దర్శకుడైన ఇంగ్మార్ బెర్గ్‌మన్, అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు అని చెప్పగానే హాల్లో కొందరు నిటారుగా కూర్చుంటారు. వారిని నిరుత్సాహపరచకండి, కానీ ప్రసంగం బెర్గ్‌మన్ వైపు జారిపోకుండా చూసుకోండి. మన సభల్లో ఇది తరచూ జరిగే పొరపాటు. స్వీడన్ అనగానే మిగతావారంతా ఆయన నీడలో కనుమరుగవుతారు.

ఈ భాగంలో తెర మీద చూపవలసినవి రెండు నిశ్చల చిత్రాలు మాత్రమే. 'హెట్స్'లో ఆమె పొగాకు దుకాణంలో పనిచేసే అమ్మాయి. ఒక క్రూరుడైన లాటిన్ మాస్టారు వేధింపులకు బలైపోతుంది. 'ఫ్రీడా'లో ఆమె యుద్ధం ముగుస్తున్న రోజుల్లో ఇంగ్లండుకు కోడలిగా వచ్చిన జర్మన్ యువతి. ఊరంతా ఆమెను అనుమానంగా చూస్తుంది. ఈ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ చూసేవారు ఇతరులు, చూడబడేది ఆమె అన్న సంగతిని శ్రోతల చేతనే చెప్పించండి. ఇరవై ఏళ్లకు పైగా ఇతరుల చూపుకు లోబడి నిలబడిన మనిషి, ఆ తరువాత చూపును తానే తిప్పడం నేర్చుకుంది. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాటను పట్టుకునే నడుస్తుంది. మిగిలిన సమాచారం దీనికి ఊతం.

మలుపు 1960 ప్రాంతంలో వచ్చింది. అప్పటికి భర్త అయిన ఆంగ్ల నవలా రచయిత డేవిడ్ హ్యూస్‌తో కలిసి ఆమె బీబీసీ కోసం డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టింది. ఉత్తరాన లాప్‌లాండ్‌లోని సామీ ప్రజలు, దక్షిణ ఫ్రాన్స్‌లో ఉత్సవానికి చేరే జిప్సీలు, ఐస్‌లాండ్ — ఇవీ ఆమె ఎంచుకున్న విషయాలు. అంటే తన మొహం ఎక్కడా అక్కర్లేని చోట పని నేర్చుకుందన్నమాట. దీన్ని రెండు నిమిషాల్లో చెప్పి ముందుకు సాగండి.

1963లో తీసిన పదిహేను నిమిషాల లఘుచిత్రం 'ద వార్ గేమ్' దగ్గర మాత్రం ఆగి కూర్చోండి. ఇద్దరు మగపిల్లలు ఒక బొమ్మ తుపాకీ కోసం కొట్లాడుకుంటారు. ఆ పోరు ఆటగా మొదలై, మెట్లెక్కి, ఎత్తైన అపార్టుమెంటు భవనం మీదికి పాకుతుంది. మాటలు దాదాపు లేవు కనుక సబ్‌టైటిళ్ల బెడద ఉండదు, తెలుగు వ్యాఖ్యానమూ అవసరం లేదు. వెనిస్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ లఘుచిత్రంగా పురస్కారం అందుకున్నది ఇదే. దీనిని చర్చకు పెట్టినప్పుడు, ఇక్కడ ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అయిదంతస్తుల మేడ మీద పిల్లలు గాలిపటం కోసం తోసుకుంటుంటే పిట్టగోడ ఎంత ఎత్తుందోనని మన కళ్లు ముందుగా ఎక్కడికి పోతాయో గుర్తుచేయండి. దర్శకురాలు ఆ భయాన్ని మాటల్లో చెప్పదు, ఎత్తునే చూపిస్తుంది. ఉపాధ్యాయురాలి ప్రశ్నకు నేను ఆలస్యంగా ఇచ్చిన మొదటి జవాబు ఇది.

పూర్తి నిడివి చిత్రాల్లో మొదటిది 1964 నాటి 'లవింగ్ కపుల్స్'. ఆగ్నెస్ ఫొన్ క్రూసెన్‌షేర్నా అనే స్వీడిష్ రచయిత్రి ఏడు సంపుటాలుగా రాసిన నవల దీనికి ఆధారం. ఛాయాగ్రహణం స్వెన్ నిక్విస్ట్‌ది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్రసూతి ఆసుపత్రిలో చేరిన ముగ్గురు స్త్రీలు, వారి బాల్యం, వారిని అక్కడికి చేర్చిన పురుషులు ఇందులోని కథ. గతంలోకి వెళ్లడమంటే తెర మీద రింగులు తిరగడమేనని మన పాత సినిమాలు అలవాటు చేశాయి కదా; అది తలచుకుని నవ్వుకున్నాక, ముగ్గురి గతాలను ఒకే ఆసుపత్రి కప్పు కింద కలపడంలోని నేర్పును వివరించడం సులువవుతుంది.

1966 నాటి 'నైట్ గేమ్స్' విషయంలో జాగ్రత్త అవసరం. ఒక యువకుడు కాబోయే భార్యను వెంటబెట్టుకుని తన చిన్ననాటి భవంతికి తిరిగి వస్తాడు. గదిగదికీ తల్లితో గడిపిన బాల్యం ఎదురవుతుంది. తల్లిగా ఇంగ్రిడ్ తూలిన్ నటించింది. వెనిస్‌లో దీనిని సాధారణ ప్రేక్షకులకు చూపకుండా న్యాయనిర్ణేతలకూ పత్రికలవారికీ మాత్రమే ప్రదర్శించారు. శాన్ ఫ్రాన్సిస్కో ఉత్సవం దీనిని ఎంపిక చేసినందుకు, బాలనటిగా లోకానికంతటికీ తెలిసిన షర్లీ టెంపుల్ ఆ ఉత్సవ నిర్వాహక బాధ్యతల నుంచి తప్పుకుంది. ఈ వివాదాన్ని మూడు నిమిషాల్లో ముగించండి. ఊరగాయ ఎంత రుచిగా ఉన్నా దానితోనే భోజనం కానిచ్చేయకూడదు. పిల్లలు సభలో ఉంటే ఈ చిత్రం దృశ్యాలేవీ చూపవద్దు. తల్లీకొడుకుల ఇబ్బందికరమైన చనువు ఇందులో ప్రధాన విషయం.

ఇక 1968. ప్రసంగంలో కనీసం ఇరవై అయిదు నిమిషాలు దీనికే ఉంచుకోండి. 'ఫ్లికోర్నా'లో ముగ్గురు నటీమణులు — బీబీ ఆండెర్సన్, హారియెట్ ఆండెర్సన్, గున్నెల్ లిండ్‌బ్లోమ్ — ఒక నాటక బృందంతో స్వీడన్‌లోని ఊళ్లు తిరుగుతుంటారు. ఆడేది క్రీస్తు పూర్వం 411లో ఏథెన్స్‌లో అరిస్టోఫనీస్ రాసిన 'లైసిస్ట్రాటా'. యుద్ధం ఆపేదాకా భర్తలను పడకగదిలోకి రానివ్వమని స్త్రీలు ఒట్టు పెట్టుకునే హాస్య నాటకం. నాటకం తెలియనివారి కోసం ఈ కథను ముందే రెండు వాక్యాల్లో చెప్పకపోతే సినిమా సగం అర్థం కాదు. ఇళ్ల దగ్గర భర్తలు, పసిపిల్లలు, ప్రయాణానికి అడ్డుపడే మాటలు. వేదిక మీద మాత్రం లోకాన్ని ఆపగల స్త్రీలు. ఈ రెండింటి మధ్య గోడను దర్శకురాలు పదేపదే కూలగొడుతుంది. ఏది నాటకమో, ఏది ఊహో, ఏది కాపురమో తేల్చుకోవడం ప్రేక్షకుడి పనే.

చూపవలసిన ఘట్టం ఒక్కటే. ప్రదర్శన ముగిశాక ఆ ముగ్గురిలో ఒకరైన లిజ్ (బీబీ ఆండెర్సన్ వేసిన పాత్ర) వెళ్లిపోకుండా ప్రేక్షకులతో మాట్లాడబోతుంది, ఈ నాటకం గురించి మీరేమనుకుంటున్నారని అడుగుతుంది. అవతలి నుంచి జవాబు రాదు. ఉత్తరాంధ్ర నాటక పరిషత్తుల్లో పాల్గొన్నవారెవరైనా సభలో ఉంటే, తెర పడగానే ఆఖరి బస్సు కోసం కుర్చీలు ఖాళీ చేసే జనాన్ని గుర్తుచేసుకుని వారే మాట్లాడతారు, వారిని మాట్లాడనివ్వండి. సినిమాకూ అలాంటి స్పందనే ఎదురైంది. అప్పటి స్వీడిష్ విమర్శకులు అధికంగా తిట్టారు, జనం రాలేదు. 1970ల్లో స్త్రీల చలనచిత్రోత్సవాలు దీనిని మళ్లీ వెలికి తీశాయి.

ఇక్కడే మనవారిని తీసుకురండి. అదే 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించారు. అధిక భాగం స్త్రీలే సాంకేతిక వర్గంగా పనిచేసిన ఆ చిత్రమూ ఆడలేదు. దానికి పదిహేనేళ్ల ముందే, 1953లో భానుమతి 'చండీరాణి'ని మూడు భాషల్లో తీశారు. విజయనిర్మల 'మీనా' 1973 నాటిది. 2002లో నలభై నాలుగు చిత్రాల దర్శకురాలిగా ఆమె గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. పోలిక పెట్టండి, కానీ అతకని చోట అతికించవద్దు: మనవారి చిత్రాలు మన స్టూడియోల పద్ధతిలో, మన ఇంటిల్లిపాది ప్రేక్షకుల కోసం తయారయ్యాయి; సెట్టర్‌లింగ్‌వి అలాంటివి కావు.

తరువాతి కాలాన్ని గబగబా దాటవచ్చు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌పై ఎనిమిది మంది దర్శకులు తలా ఒక భాగం తీసిన చిత్రంలో ఆమె బరువులెత్తేవారిని ఎంచుకుంది. ఆటలు కాదు, మనిషిని పట్టుకుని వదలని పిచ్చి ఆమెకు ఆసక్తి. 1982లో బ్రిటన్‌లోని బాలికల నిర్బంధ గృహం నేపథ్యంగా 'స్క్రబ్బర్స్' తీసింది. 1986లో 'అమోరోసా' వచ్చింది. ఆ చిత్రం ఎవరి గురించో సభను ఊహించమనండి. ఇరవై రెండేళ్ల కిందట తాను తెరకెక్కించిన నవల రాసిన ఆగ్నెస్ జీవితమే అది. 1990లో 'ద విచెస్'లో అమ్మమ్మ వేషంలో ఆమె మళ్లీ కెమెరా ముందుకు వచ్చింది. 1994 మార్చి 17న లండన్‌లో కన్నుమూసింది.

ఏర్పాట్ల గురించి కొద్దిగా. అందరికీ తెరిచిన సభలో సెన్సారు ధ్రువపత్రం లేని సినిమాను ప్రదర్శించడం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టానికి విరుద్ధం. అందువల్ల సభను ప్రసంగంగానే ఉంచుకుని, దృశ్యాలు చూపదలిస్తే స్టాక్‌హోమ్‌లోని స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు ముందే ఉత్తరం రాసి హక్కులు ఎవరివో కనుక్కోండి. తేదీ, కుర్చీల సంఖ్య, టికెట్టు ఉందా లేదా అన్నవి ఉత్తరంలో తప్పనిసరిగా ఉండాలి. గాజువాక వైపు నుంచి, మధురవాడ వైపు నుంచి వచ్చేవారికి ఒకేలా అందుబాటులో ఉండాలంటే ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌కు నడిచి చేరగల ద్వారకానగర్ పరిసరాల్లో హాలు చూడండి. నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఇక్కడ జరిగే వారంలో బీచ్ రోడ్డు కిక్కిరిసిపోతుంది కాబట్టి ఆ వారం వదిలేయండి; మే నెల ఉక్కపోతలో ఫ్యాన్లు ఆపలేరు, ఫ్యాన్ల హోరులో వెనక వరుసకు మాట వినిపించదు. మొదటిసారి నాకు జరిగిన రెండో అవమానం అదే.

చివరి ఇరవై నిమిషాలు ప్రశ్నలకు వదలండి. ఎవరూ నోరు విప్పకపోతే కంగారుపడి మళ్లీ ప్రసంగం అందుకోవద్దు. మొదట చూపిన రెండు బొమ్మలనూ తిరిగి తెర మీద పెట్టి, వాటి పక్కన ఆమె కెమెరా దగ్గర నిలబడి ఉన్న ఫొటో ఒకటి చేర్చి, ఇప్పుడు ఎవరు ఎవరిని చూస్తున్నారని అడిగి ఊరుకోండి. రెండోసారి అలా అడిగినప్పుడు, వాచ్‌మన్ వచ్చి తాళాల గుత్తి ఆడించేదాకా మావాళ్లు కుర్చీల్లోంచి లేవలేదు.