దుబాయ్‌కి కొత్తగా వెళ్తున్నారా? ముందు ఒక్క దిర్హం పెట్టి క్రీక్ దాటండి

సెలవు మీద హనుమకొండ వచ్చి పది రోజులైంది. సాయంత్రమైతే భద్రకాళి చెరువు కట్ట మీదికి నడకకు వెళ్తున్నాను. మొన్న అక్కడ ముగ్గురు తమ్ముళ్లు కలిశారు. ఒకరిది పరకాల, ఇద్దరిది జగిత్యాల వైపు. వచ్చే నెల దుబాయ్ పోతున్నారట. జీతంలో ఎంత మిగులుతుంది, రూములో ఎంతమంది ఉంటారు, మన అన్నం దొరుకుతుందా అని అడిగారు. డ్యూటీ లేని రోజు ఏం చేస్తారన్నా అని ఒక్కరు కూడా అడగలేదు.

పన్నెండేళ్ల కింద నేనూ అడగలేదు. మొదటి రెండేళ్లు దుబాయ్‌లోని దేరా అనే పాత పేటలో ఉండి కూడా ఆ ఊరు చూడలేదు. డ్యూటీ, రూము, ఫోను, నిద్ర. "ఊరు ఎట్లున్నది బిడ్డా" అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. అప్పు తీరాక, ఇంటికి వెళ్లాక బతుకుదాంలే అనుకునేవాణ్ని. ఆ రెండేళ్లు నాకు మళ్లీ రావు. మీకు అట్లా కావద్దని ఇది రాస్తున్నాను.

దుబాయ్ అంటే ఎత్తైన బిల్డింగులని మనం టీవీలో చూస్తాం. అక్కడ బతికేవాళ్లకు మాత్రం ఊరి నడుమ ఉన్నది క్రీక్. సముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ అది. ఒక ఒడ్డున దేరా, ఇంకో ఒడ్డున బర్ దుబాయ్. రెండింటి మధ్య అబ్రాలు తిరుగుతాయి. అబ్రా అంటే చెక్క పడవ. నడుమ బల్ల మీద అటు సగం మంది, ఇటు సగం మంది వీపులు ఆనించుకుని కూర్చుంటారు. పడవ నడిపే ఆయన చేతిలో 1 దిర్హం పెట్టాలి, అంతే. కొద్ది నిమిషాల్లో అవతలి ఒడ్డు.

నన్ను మొదటిసారి అబ్రా ఎక్కించింది మా రూములో ఉండే సిరిసిల్ల అన్న. పొద్దుగూకే వేళ. రెండు ఒడ్డుల మసీదుల నుంచి అజాన్ ఒకేసారి వినిపిస్తోంది. నీళ్ల మీద తెల్లటి పక్షులు. పక్కన కూర్చున్న బెంగాలీ ఆయన ఒళ్లో కూరగాయల సంచి, ఎదురుగా సూటు వేసుకున్న ఆఫీసరు. అందరిదీ అదే 1 దిర్హం. ఆ రోజు రాత్రి అమ్మకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. చెప్పడానికి నాకు ఏదో దొరికింది.

మీరు కూడా జీతం అందిన మొదటి సెలవు రోజున ఇదే చేయండి. దేరా వైపు మసాలా బజారు, బంగారం బజారు చూసి, అబ్రాలో దాటి బర్ దుబాయ్ బట్టల బజారులో నడవండి. కొనక్కర్లేదు. ఒడ్డున ధోలు అనే పెద్ద చెక్క ఓడలు ఆగి ఉంటాయి. టైర్లు, ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు ఎక్కించుకుని ఇరాన్ దాకా, ఆఫ్రికా తీరం దాకా పోతాయి. ఎక్కడైనా మెట్టు మీద కూర్చుని కరక్ చాయ్ తాగుతూ ఆ సామాను ఎక్కించడం చూస్తే సాయంత్రం గడిచిపోతుంది.

ఈ క్రీక్ గురించి ఒక సంగతి మన వైపు వాళ్లకు బాగా అర్థమవుతుంది. ఒకప్పుడు ఇది ఇసుకతో పూడుకుపోయి పెద్ద పడవలు రాలేకపోయేవి. అక్కడ చమురు ఇంకా బయటపడని రోజులు. అప్పటి పాలకుడు షేక్ రషీద్ కువైట్ నుంచి అప్పు తెచ్చి 1960 ప్రాంతంలో పూడిక తీయించారు. వ్యాపారం అక్కణ్నుంచే పెరిగింది. కాకతీయుల చెరువుల కింద పెరిగినవాళ్లం, 2015లో మిషన్ కాకతీయ కింద మన ఊరి చెరువుల్లో పూడిక తీయడం కళ్లారా చూసినవాళ్లం. పూడిక తీస్తే ఊరికి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇది తెలిశాక ఆ ఊరు నాకు కొంచెం దగ్గరైంది.

సముద్రం సంగతి వేరు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా అది బావి ఈత, చెరువు ఈత. అల లోపలికి లాగితే ఆ ఈత పనికిరాదు. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే, ఉన్న టైములోనే నీళ్లలోకి దిగండి. ఎర్ర జెండా ఉంటే ఒడ్డు మీదే ఉండండి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు మమ్జర్ బీచ్ వైపు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, చెట్ల నీడ కూడా ఉంది. బీచ్‌లో ఎవరినీ అడగకుండా ఫొటోలు తీయకండి. ఇతరుల ఫొటో తీయడం అక్కడ పోలీసు కేసయ్యే విషయం.

ఎండ గురించి మన రామగుండం వాళ్లకు నేను కొత్తగా చెప్పేది లేదు. కానీ అక్కడ ఎండతో పాటు ఉక్క ఉంటుంది, రాత్రి కూడా తగ్గదు. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు బయట ఎండలో పని చేయించడం నిషేధం. ఆ నెలల్లో బీచ్‌కి పోవాలనిపిస్తే జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖీమ్ 1 వైపు వెళ్లండి. 2023 నుంచి అక్కడ రాత్రిపూట ఈతకు లైట్లు, లైఫ్‌గార్డులు పెట్టారు. నవంబర్ నుంచి మార్చి దాకా మాత్రం ఒక్క సెలవు కూడా రూములో పడుకోవద్దు.

తిరగడానికి నోల్ కార్డు తీసుకోండి. మెట్రో, బస్సు అన్నిటికీ అదే. మెట్రోలో నీళ్లు తాగినా, ఏమైనా తిన్నా 100 దిర్హాల జరిమానా. ఆడవాళ్ల పెట్టె వేరుగా ఉంటుంది, నేల మీద గుర్తు చూసి ఎక్కండి. సిగ్నల్ లేని చోట రోడ్డు దాటకండి.

బ్యాగు సర్దేటప్పుడు అమ్మకు, అత్తమ్మకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. గసగసాలు అక్కడ నిషేధం. విడిగా పెట్టినా, మసాలాలో కలిపినా కష్టాలు కొని తెచ్చుకున్నట్టే. నొప్పి మాత్రలు, దగ్గు మందులు కొన్నింటికి కూడా నిబంధనలున్నాయి, డాక్టర్ చీటీ లేకుండా తీసుకెళ్లవద్దు. సకినాలు, మామిడికాయ తొక్కు, మన చపాటా మిర్చి కారం హాయిగా తీసుకెళ్లండి.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. యజమాని దాచిపెట్టుకోవడాన్ని అక్కడి చట్టం ఒప్పుకోదు. బెడ్‌స్పేస్‌కి, అంటే రూములో ఒక మంచం అద్దెకు, అడ్వాన్స్ ఇస్తే రసీదు తీసుకోండి. మొదటి ఏడాది నేను ఒకాయనకు నోటి మాట మీద డబ్బు ఇచ్చాను, వారం తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు. ఏ టెన్షన్ వచ్చినా భారత కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కి ఫోన్ చేయవచ్చు. ఆ ఫోన్‌కు డబ్బులు పడవు. పోలీసుకు 999, అంబులెన్స్‌కు 998.

ఇంటికి ఫోన్ చేయడానికి వాట్సాప్ కాల్ పనిచేయదు. బోటిమ్ అనే యాప్ వాడతాం, వెళ్లే ముందే ఇంట్లోవాళ్ల ఫోన్‌లో వేసి నేర్పండి. మనకంటే దుబాయ్ గంటన్నర వెనక. మీరు ఎనిమిదింటికి డ్యూటీ దిగి ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, పిల్లలు నిద్రపోయి ఉంటారు. నా బిడ్డ రెండేళ్లప్పుడు ఇది నన్ను చాలా బాధపెట్టింది. పొద్దున డ్యూటీకి ముందు పది నిమిషాలు మాట్లాడటం అలవాటు చేసుకున్నాం, అప్పుడు కుదిరింది.

మనుషుల విషయానికి వస్తే మన తెలంగాణ వాళ్లకు ఒక కలిసొచ్చే సంగతి ఉంది. ఉర్దూ నాలుగు ముక్కలు మనకు చిన్నప్పటి నుంచే వచ్చు. ట్యాక్సీ నడిపే పఠాన్‌తో, చాయ్ పోసే మలయాళీతో, పక్క బెడ్డు నేపాలీతో అదే భాష. మాట కలపండి. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినకండి, నీళ్లు తాగకండి. సాయంత్రం ఎవరైనా ఇఫ్తార్‌కి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేనప్పుడు గంజి కాచి పోసింది పెషావర్ ఆయన.

మనవాళ్ల మధ్య ఒక జాగ్రత్త. ఎవరికైనా కష్టం వస్తే వెంటనే చందా వసూలు చేయడం మన అలవాటు. అక్కడ అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. కాన్సులేట్‌ను అడిగి, వాళ్లు చెప్పిన దారిలోనే సాయం చేయండి.

గుడికి పోవాలంటే దుబాయ్‌లోనే జెబెల్ అలీ అనే చోటికి వెళ్లవచ్చు. 2022 అక్టోబర్‌లో అక్కడ పెద్ద గుడి తెరిచారు. బర్ దుబాయ్‌లోని పాత శివాలయం 2024 జనవరిలో అక్కడికే మారింది.

కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 4,000 దిర్హాల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లు ఉండాలి. నా భార్య వచ్చాక మొదటి ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి గుర్తుచేసుకుని ఏడ్చింది. మరుసటి ఏడాది మా బిల్డింగ్‌లోని కరీంనగర్ అక్క, నిజామాబాద్ చెల్లె కలిశారు. బంతి, చామంతి అక్కడే దొరికాయి. తంగేడు, గునుగు హైదరాబాద్ నుంచి వచ్చే ఒకాయన తడిబట్టలో చుట్టి తెచ్చారు. పూలను క్రీక్‌లో వేయలేదు, నీళ్ల తొట్టిలోనే సాగనంపారు. మలీద ముద్దలు మెట్ల మీద కూర్చుని తిన్నాం. 2021 అక్టోబర్‌లో బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మను వేసిన రాత్రి మేమందరం పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని చూశాం.

ఆ ముగ్గురు తమ్ముళ్లలో పరకాల అబ్బాయికి నా నంబర్ ఇచ్చాను. వచ్చాక మొదటి సెలవు రోజున దేరా సబ్‌ఖా అబ్రా స్టేషన్ దగ్గర కలుద్దామన్నాను. చిల్లర నేను తెస్తానని చెప్పాను.