కూడాలా, తీసివేయాలా అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా లెక్కలు నేర్పడం

మూడో తరగతి పిల్లలకు ఒక రాత లెక్క ఇస్తే చాలామంది దానిని చదవరు. అందులోని రెండు సంఖ్యలను ఏరుకుని, తల ఎత్తి, "కూడాలా, తీసెయ్యాలా టీచర్?" అని అడుగుతారు. సిలబస్ వెనకబడుతుందన్న తొందరలో మనం "తీసెయ్యాలమ్మా" అని చెప్పి ముందుకు వెళ్లిపోతాం. ఆ ఒక్క మాటతో లెక్కలో ఆలోచించవలసిన భాగమంతా మనమే చేసేసినట్టవుతుంది. పిల్లలకు మిగిలేది వట్టి తీసివేత. సమస్యా సాధన నేర్పదలచిన ఉపాధ్యాయులైనా, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే తల్లిదండ్రులైనా మొదట అలవరచుకోవలసింది, ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పకపోవడమే.

దీనికి బడుల్లో ఒక అడ్డదారి ఉంది. 'మొత్తం' అని ఉంటే కూడిక, 'మిగిలాయి' అని ఉంటే తీసివేత, 'ఒక్కొక్కరికి' అని ఉంటే భాగహారం అంటూ గోడకు చార్టు తగిలిస్తారు. కొన్నేళ్లపాటు నేనూ తగిలించాను. "రవి తన గోళీల్లో 5 తమ్ముడికి ఇచ్చాడు. ఇంకా 8 మిగిలాయి. మొదట అతని దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని ఇచ్చిన రోజున ఆ చార్టు పస తెలిసింది. సగం తరగతి 8లోంచి 5 తీసివేసి 3 అని రాసింది. మూడే గోళీలున్నవాడు ఐదు ఎలా ఇచ్చాడన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఇది మన పిల్లలకే ఉన్న అలవాటు కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయస్సెంత?" అని అడిగితే, 97 మంది చిన్నపిల్లల్లో 76 మంది ఆ సంఖ్యలతోనే ఏదో ఒక వయస్సు తేల్చి చెప్పారు. చార్టు మీదున్న పదాన్ని వెతకడం అలవాటైన పిల్లలు కథను చదవడం మానేస్తారు.

కాబట్టి మొదటి కొన్ని వారాలు లెక్కను సంఖ్యలు తీసేసి బోర్డు మీద రాయండి. "సంతకు బయలుదేరేటప్పుడు అమ్మ దగ్గర కొంత డబ్బు ఉంది. కూరగాయలకు కొంత ఖర్చయింది. తిరిగి వస్తుంటే దారిలో పిన్ని కొంత బాకీ తీర్చింది. ఇంటికి వచ్చేసరికి అమ్మ దగ్గర ఎంత ఉంది?" సంఖ్యలు లేవు కనుక కూడడానికీ తీసివేయడానికీ ఏమీ ఉండదు, ఏం జరిగిందో చెప్పుకోవడం తప్ప. ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు పెరిగింది అని అడిగాక, ఇంటికి వచ్చేసరికి మొదట ఉన్నదానికంటే ఎక్కువ ఉండే వీలుందా అని కూడా అడగండి. "పిన్ని ఎక్కువిస్తే ఉంటుంది" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడితో ఆ లెక్క సగం అయిపోయినట్టే. ఆ తరువాత 200, 140, 50 అని నింపితే 110 రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ పద్ధతి అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు ఎదుటి పేజీలో ఉంటున్నాయి. ఇంగ్లీషు పేజీలో లెక్క చదివిన పిల్లలు పుస్తకం మూసి, అదే కథను తమ ఇంటి మాటల్లో చెప్పగలిగిన తరువాతే పెన్సిలు పట్టుకోవాలి. చెప్పలేకపోతే అక్కడ అడ్డుపడుతున్నది భాష. దానికి గణితంలో మందు వెతకడం దండగ.

కథ అర్థమైనా పోలిక లెక్కల దగ్గర పిల్లలు పడిపోతారు. "సీత దగ్గర 12 చింతగింజలు ఉన్నాయి. అవి గీత దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని?" 'ఎక్కువ' అన్న మాట చూడగానే 17 అని వచ్చేస్తుంది. ఒక అమ్మాయి నిజంగానే బండ మీద 12 గింజలు వరసగా పేర్చి, కింద 17 పేర్చింది. నేను తప్పని చెప్పలేదు. వరసల మీద వేలు పెడుతూ లెక్కను మళ్లీ చదవమన్నాను. 'అవి' దగ్గర వేలు ఆగింది. "అవి అంటే సీతవే కదా టీచర్" అని తనలో తను అనుకున్నట్టు అని, కింది వరసలోంచి ఐదు గింజలు తీసింది. రెండు వరసలూ సమానంగా కనిపించాయి. కాసేపు చూసి, "మళ్లీ ఐదు తియ్యాలి" అంటూ ఇంకో ఐదు తీసింది, ఏడు మిగిలాయి. నేను బోర్డు మీద ఎంత వివరించినా అంత స్పష్టంగా వచ్చేది కాదు.

గింజల తరువాత బొమ్మ, ఆ తరువాతే గుర్తులు. గింజల వరసల స్థానంలో నోటుపుస్తకంలో ఒక పొడవు పట్టీ, దాని కింద ఒక పొట్టి పట్టీ గీసి, తేడా ఉన్నచోట 5 అని, తెలియనిచోట ప్రశ్న గుర్తు అని రాయించండి. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి ఇలాంటి పట్టీలతోనే రాత లెక్కలు చెబుతున్నారు. బొమ్మ అందంగా ఉండాలని పట్టుబట్టకండి. స్కేలు చేతికిస్తే పిల్లల ధ్యాసంతా గీతల మీదికే పోతుంది.

ఒక పీరియడ్‌కు ఇలాంటి లెక్క ఒకటి, మహా అయితే రెండు చాలు. ఒకే లెక్కను వేర్వేరుగా చేసిన ఇద్దరిని బోర్డు దగ్గరికి పిలవండి. 52లోంచి 28 తీసివేయడానికి ఒకరు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుంటారు, ఇంకొకరు 28 నుంచి 30కి 2, అక్కడి నుంచి 50కి 20, మరో 2 అని ఎక్కుతూ వెళ్లి 24 అంటారు. చిల్లర లెక్కపెట్టే కొట్టు ఇంటి పిల్లలు ఎక్కువగా ఈ రెండో దారిలోనే వస్తారు.

సమస్యా సాధనలో అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, అమలు చేయడం, వెనుదిరిగి చూసుకోవడం అని నాలుగు దశలను హంగరీలో పుట్టిన గణిత శాస్త్రవేత్త జార్జ్ పోల్యా 1945లో చెప్పాడు. మన తరగతుల్లో అసలు జరగనిది నాలుగోది. 23 మంది పిల్లలు, ఆటోకు ఆరుగురు చొప్పున ఎన్ని ఆటోలు కావాలి అంటే "మూడు ఆటోలు, శేషం ఐదు" అని గీత గీసి ముగిస్తారు. "ఆ ఐదుగురూ నడిచి వస్తారా?" అంటే నవ్వి, 4 అని దిద్దుకుంటారు. వెంటనే, 23 రూపాయలకు ఆరేసి రూపాయల పెన్సిళ్లు ఎన్ని వస్తాయని అడగండి. భాగహారం అదే, శేషం అదే, కానీ ఈసారి జవాబు మూడే. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎందుకు మారిందో వాళ్ల చేతనే చెప్పించండి.

వారంలో ఒక రోజు పని తిరగేయండి. 15 - 6 అని బోర్డు మీద రాసి, దానికి సరిపడే కథ రాయమనండి. మొదటిసారి తరగతి మొత్తం ఒకే కథ రాస్తుంది: పదిహేను పిట్టలు కొమ్మ మీద ఉన్నాయి, ఆరు ఎగిరిపోయాయి. రెండోసారి ఏదీ ఎగిరిపోకూడదు, పోకూడదు, ఖర్చు కాకూడదు అన్న షరతు పెట్టండి. చాలాసేపు ఎవరూ పెన్సిలు కదపరు. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి మీరే ఒక కథ చెప్పేయకండి. చివరికి ఒక మూల నుంచి, "మా అన్నకు పదిహేనేళ్లు, నాకు ఆరేళ్లు, వాడు నాకంటే ఎంత పెద్ద?" అని వస్తుంది.